తలుపు ఇంకా పట్టుకునే ఉన్నాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఉద్దానంలో, కవిటి వైపు ఒక ఊరు. నాకు 36 ఏళ్లు. జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తాను. తిత్లీ తుఫాను రాత్రి మా ఆయన ఊళ్లో లేరు, పనికి చెన్నై వెళ్లారు. ఇంట్లో నేను, మా అత్త, నాలుగేళ్ల బాబు. అర్ధరాత్రి దాటాక గాలికి తలుపు గడియ ఊడిపోయింది. తెల్లారేదాకా అత్తా నేనూ తలుపుకి చేతులు ఆనించి నెడుతూ నిలబడ్డాం. శాలలో ఆవు అరుస్తూనే ఉంది. వెళ్లి తాడు విప్పలేకపోయాను. పొద్దున్న చూస్తే శాల కూలిపోయి ఆవు చచ్చిపోయింది.

అప్పుడు పడిపోయిన కొబ్బరిచెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడు గెలలు వేస్తున్నాయి. నాకు మాత్రం తగ్గలేదు. గాలి కాస్త గట్టిగా వీచినా, ఫ్యాక్టరీలో మిషను ఆన్ చేసినా చేతులు చల్లబడిపోతాయి, భుజాలు బిగుసుకుంటాయి, పళ్లు కరుచుకుపోతాయి. ఈసీజీ, థైరాయిడ్, కిడ్నీల కోసం క్రియాటినిన్ అన్నీ చేయించాను, అన్నీ నార్మల్. ఊళ్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక కౌన్సెలర్ మొదటి రోజే ఆ రాత్రి సంగతంతా చెప్పమన్నారు. చెప్పాను. తర్వాత మూడు రోజులు నోట మాట రాలేదు, మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు ఫోన్లో ఒక వీడియో చూశాను. ట్రామా, అంటే పాత భయం కొట్టిన దెబ్బ, ఒంట్లో ఇరుక్కుని ఉంటుందట, మూడు రోజుల శ్వాస శిబిరంలో బయటికి పంపించేస్తారట. విశాఖలో పెడుతున్నారు. మొత్తం 12,000, అందులో 2,000 అడ్వాన్సు కట్టేశాను. వెళ్లమంటారా? నాకు మాటలతో తగ్గదు, ఒంటితోనే తగ్గాలి అనిపిస్తోంది.
— ఒక సోదరి, ఉద్దానం

సమాధానం: అమ్మా, ముందు మీరు అడిగినదానికి జవాబు. ఆ శిబిరానికి వెళ్లకండి. అడ్వాన్సు వెనక్కి అడగండి, ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే పోయిందనుకోండి. కట్టేశాం కదా అని మాత్రం వెళ్లొద్దు. ఎందుకో కాసేపట్లో చెబుతాను. అయితే ‘ఒంటితోనే తగ్గాలి అనిపిస్తోంది’ అని చివర్లో ఒక ముక్క రాశారే, దాన్ని నేను కొట్టిపారెయ్యను. అందులో చాలా నిజం ఉంది. ఆ వీడియో వాళ్లు అమ్ముతున్నది ఆ నిజాన్నే, కల్తీ చేసి.

తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, నాలుగున్నర అయిదున్నర మధ్య, పలాస దగ్గర. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసుర్లు 165 దాకా. గడియ లేని తలుపు, ఇద్దరు ఆడవాళ్లు, కాళ్ల దగ్గర పిల్లాడు. ఆ రాత్రి మీ చేతులకి ఉన్నది ఒక్కటే పని, నెట్టడం. ఇక చాలు, ఆపండి అని వాటికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మీ ఉత్తరం చదివాక నాకు తట్టిన మొదటి మాట ఇది. (నేను పుట్టిపెరిగింది సోంపేట. ఆ రాత్రి శ్రీకాకుళంలో ఉన్నాను. మా అప్ప క్షేమంగా ఉందని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. అందుకని ఈ ఉత్తరాన్ని మామూలుగా చదవలేకపోయాను, ఆ మాట దాచను.)

ఒంట్లో జరిగేది కొంచెం చెబుతాను. ప్రమాదం అనిపించగానే మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం గంట కొట్టేస్తుంది. పుస్తకాల్లో బాదంగింజలా ఉంటుందని రాస్తారు, మీరు జీడిపప్పు అనుకున్నా నష్టం లేదు. ఆలోచించే భాగం ‘ఓహో, ఇది మిషను చప్పుడు’ అని తేల్చుకునేలోపే గుండె వేగం పెరుగుతుంది, అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. వేళ్లకీ చర్మానికీ వెళ్లే రక్తం తగ్గి, పరిగెత్తడానికి, నెట్టడానికి పనికొచ్చే పెద్ద కండరాల వైపు మళ్లుతుంది. చేతులు చల్లబడేది అందుకే. దవడ, భుజాలు బిగుసుకునేది అందుకే. ఈసీజీలో ఏమీ కనబడలేదని కంగారు పడకండి. గుండెకి జబ్బు లేదు, పాపం దానికి ఏ కబురు అందితే ఆ పని చేస్తోంది. పరీక్షలు చేయించుకుని మంచి పని చేశారు. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుల భయంతో కాలు లాగినా ముందు క్రియాటినిన్ చూపించుకుంటాం, చూపించుకోవాలి కూడా.

ఫ్యాక్టరీలో పక్కనున్నామెతో కబుర్లాడుతూనే మీరు పొట్టు తీసేస్తారు కదా. కత్తి ఎలా పట్టాలో, పప్పు విరక్కుండా ఎంత ఒత్తాలో వేళ్లకి తెలుసు. ఎలా తెలిసిందని అడిగితే మీరు మాటల్లో చెప్పలేరు. భయం కూడా ఇలాగే ఒంటికి పట్టుబడుతుంది. తేడా ఒక్కటే, పొట్టు తీయడం నెలల తరబడి నేర్చుకున్నారు, ఇది ఒక్క రాత్రిలో వచ్చేసింది. శిబిరం వాళ్లతో నా పేచీ ఇక్కడే. ట్రామా ఒంట్లో ఏ మూలో రాయిలా ఇరుక్కుని ఉండదు, తీసి అవతల పారెయ్యడానికి. నేర్చిన పనిని బయటికి పంపించడం అంటూ ఉండదు. దాని పక్కన ఇంకో పని నేర్పాలి, అదీ కొద్దికొద్దిగా.

మీరు పంపిన వీడియో చూశాను. పెద్ద హాలు, చెవులు పగిలే మ్యూజిక్కు, గంటసేపు గబగబా గాలి పీల్చి వదలడం. కాసేపటికి జనం వేళ్లు కొంకర్లు పోతున్నాయి, కొందరు ఏడుస్తున్నారు, ఒకాయన పెదాలు తిమ్మిరెక్కాయని చెబుతున్నాడు. ‘చూశారా, బయటికి వస్తోంది’ అంటున్నాడు మైకు పట్టుకున్నాయన. అలా ఆగకుండా గాలి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పడిపోతే ఎవరికైనా వేళ్లు అలాగే కొంకర్లు పోతాయి, తల తిరుగుతుంది. జీవితంలో ఏ కష్టం ఎరగని మనిషిని కూర్చోబెట్టినా అంతే. బీపీ, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఇది ప్రమాదం కూడా. వీడియో మొత్తంలో ఆ సంగతి ఒక్కరూ అడగలేదు. మీ విషయంలో ఇంకో చిక్కుంది. ఆ రాత్రి మిమ్మల్ని అంతగా దెబ్బతీసింది, ఆపుదామంటే ఆపే వీలు లేకపోవడం. మీ పేరు కూడా తెలియనివాళ్లు యాభై మందిని ఒక హాల్లో పడుకోబెట్టి ‘ఆపొద్దు, ఇంకా, ఇంకా’ అని అరుస్తుంటే మీ ఒంటికి అది ఏ రాత్రిని గుర్తుచేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆ కౌన్సెలర్ సంగతి. జరిగింది చెప్పించడం తప్పు చికిత్స కాదు, తొందరపడటం తప్పు. మాటలతో తగ్గదని మీరు తీర్పు ఇచ్చేశారు, కానీ మీకు మాటల చికిత్స సరిగ్గా జరగనేలేదు. మీకున్న లక్షణాలు చూస్తే పీటీఎస్‌డీ అనే జబ్బు గుర్తొస్తుంది, పెద్ద ప్రమాదం దాటిపోయినా దాని భయం మనిషిని వదలకపోవడం. అవునో కాదో ఎదురుగా చూసిన డాక్టరు చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పకూడదు. ఆ జబ్బుకి పెద్దవాళ్లలో ఏ చికిత్స మంచిదో 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ట్రామా మీద దృష్టి పెట్టి చేసే సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే మాటల చికిత్స, ఒకటి, ఈఎండీఆర్ ఇంకొకటి. సాక్ష్యం ఎక్కువగా ఉన్నది వీటికే. ఈఎండీఆర్ విచిత్రంగా ఉంటుంది. జరిగినదాన్ని మనసులో కొద్దిసేపు తలుచుకుంటూ, డాక్టరు వేలు అటూ ఇటూ కదులుతుంటే కళ్లతో దాన్ని అనుసరించాలి. ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికన్ సైకాలజిస్టుకి 1987లో పార్కులో నడుస్తుంటే ఈ ఆలోచన వచ్చిందట. కళ్లు తిప్పడం వల్ల తగ్గుతుందా, తలుచుకోవడం వల్ల తగ్గుతుందా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. తగ్గడం మాత్రం చాలామందికి తగ్గుతోంది. ఇందులో కథంతా విప్పి చెప్పాల్సిన పని ఉండదు, మీలాంటి వాళ్లకి అదొక సుఖం.

పూర్తిగా ఒంటి నుంచే మొదలుపెట్టే పద్ధతులు కూడా ఉన్నాయి. పీటర్ లెవీన్ తెచ్చిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్, పాట్ ఆగ్డెన్ తెచ్చిన సెన్సరీమోటార్ సైకోథెరపీ వీటిలో పేరున్నవి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో 150 మంది బాధితులకి ఇలాంటి చికిత్స ఇచ్చి చూశారు. చాలామందికి నయంగా అనిపించింది. కాకపోతే చికిత్స ఇవ్వనివాళ్లతో పోల్చి చూడలేదు, కాబట్టి కాలమే నయం చేసిందో చికిత్సే చేసిందో తేల్చలేం. 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందితో పోలిక పెట్టి చూసినప్పుడు కూడా మేలు కనిపించింది. మాటల చికిత్సతో తగ్గని 64 మంది ఆడవాళ్లకి అమెరికాలో 10 వారాలు యోగా నేర్పి చూశారు, 2014లో ఫలితాలు వేశారు. యోగా చేసినవాళ్లలో సగం మందికి జబ్బు లక్షణాలు పీటీఎస్‌డీ అనేంత స్థాయి కంటే దిగివచ్చాయి, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో అయిదో వంతుకి. చిన్న చిన్న పరిశోధనలే, అయినా తీసిపారేసేవి కావు. నా మటుకు నాకు, ఈ రెండు దారుల్నీ కలిపి చేసే డాక్టరు దొరికితే మీ అదృష్టం అంటాను.

అలాంటి చోట ఏం జరుగుతుందో తెలిస్తే భయం ఉండదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మొదటి రోజు తుఫాను ఊసే రాకపోవచ్చు. ‘ఇప్పుడు ఒంట్లో ఎక్కడ హాయిగా ఉంది?’ అని అడుగుతారు. ఎక్కడా లేదంటే, పోనీ ఎక్కడ తక్కువ బాధగా ఉందని అడుగుతారు. మడమలో, చెవి తమ్మెలో, ఎక్కడో అక్కడ ఉంటుంది. దాన్ని గుర్తుపెట్టుకుంటారు, తర్వాత తిరిగి రావడానికి. కొన్నాళ్లకి ఆ రాత్రిలోంచి ఒక చిన్న తునక తీస్తారు. గడియ ఊడిన చప్పుడు ఒక్కటే అనుకోండి. భుజాలు బిగుసుకోవడం మొదలవగానే అక్కడ ఆపేసి, మళ్లీ ఆ మడమ దగ్గరికి తీసుకొస్తారు. కాసేపు అటు, కాసేపు ఇటు. చింతపండు రసం కూరలో చుక్కచుక్క పోసి రుచి చూసుకున్నట్టు ఉంటుంది ఈ పని, ఒక్కసారి కుమ్మరిస్తే కూర పాడైపోతుంది.

ఆ పైన, బహుశా, గోడని నెట్టమంటారు. ఇదే మీ విషయంలో ముఖ్యమనుకుంటున్నాను. ఆ రాత్రి మీరు నెట్టారు గానీ, ఎప్పుడు ఆపాలో మీ చేతిలో లేదు. ఇప్పుడు గోడ మీద అరచేతులు పెట్టి నెమ్మదిగా నెడతారు. ఏ కండరం ముందు కదిలిందో, కాళ్లు ఏం చేస్తున్నాయో, ఊపిరి బిగబట్టారా లేదా అని చూసుకుంటూ నెడతారు. తర్వాత మీరే, మీ ఇష్టం వచ్చినప్పుడు, వదిలేస్తారు. వదిలేశాక గోడ అలాగే నిలబడి ఉంటుంది. వినడానికి పిల్లల ఆటలా ఉందా? మొదటిసారి వదిలేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చిన పెద్ద మనుషుల్ని చూశాను.

ఇంకో సంగతి. మీ పూర్తి ఉత్తరంలో ‘టెన్షన్’ అన్న మాట తొమ్మిదిసార్లు రాశారు. నేనూ వాడతాను, తప్పు కాదు. కానీ డాక్టరు దగ్గర ఆ ఒక్క మాటతో సరిపెట్టకండి. మనకి ఒంటి భాష ఎంత ఉందమ్మా! గుండె దడదడలాడటం వేరు, గుండె జారిపోవడం వేరు. కడుపులో దేవడం, కాళ్లు చచ్చుపడటం, ఒళ్లు జలదరించడం, గొంతు పూడుకుపోవడం, ఇవన్నీ టెన్షనే, ఏ రెండూ ఒకటి కావు. గొంతు పూడుకుపోయిందంటే అరవాలనుకున్న అరుపు ఆగిపోయిందేమో చూస్తారు. కాళ్లు చచ్చుపడ్డాయంటే పరిగెత్తాలనుకుని పరిగెత్తలేకపోయారేమో చూస్తారు. చికిత్సకి వచ్చేవాళ్లకి ముందు ఇలాంటి మాటలు వెతుక్కోవడం నేర్పాల్సి వస్తుంది చాలాచోట్ల. మీకు మీ అమ్మ ఎప్పుడో నేర్పేసింది.

డాక్టరు దొరికేలోపు ఇంట్లో చేసుకోదగ్గవి రెండున్నాయి. మిషను ఆన్ అయి చేతులు చల్లబడగానే కళ్లు మూసుకోకండి. మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు కొందరు, మీలాంటి వాళ్లలో కొందరికి అది ఎదురు తిరుగుతుంది, లోపలి తుఫాను ఇంకా పెద్దగా వినిపిస్తుంది. కళ్లు తెరిచి, తల నెమ్మదిగా తిప్పుతూ చుట్టూ ఉన్నవి చూడండి. కిటికీ, ట్రేలు, పక్కామె చీర రంగు. కాళ్లు నేలకి ఆనించి, నేల ఎంత గట్టిగా ఉందో చూసుకోండి. అప్పుడు గాలి పీల్చినదానికంటే వదలడం పొడుగ్గా, వేడి టీ ఊదుకున్నట్టు. నాలుగైదు సార్లు చాలు. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, ఒంటికి ఆ కబురు అందుతుంది. రెండోది గోడ నెట్టడం, ఇందాక చెప్పినట్టే, కానీ తుఫానుని తలుచుకోకుండా, పగటిపూట, అరనిమిషం. చేస్తుంటే ఒళ్లు తేలిపోయినట్టు, ఎక్కడో దూరంగా ఉన్నట్టు అనిపిస్తే వెంటనే ఆపేసి ముఖం కడుక్కుని ఎవరితోనైనా మాట్లాడండి. ఆ పైన డాక్టరు లేకుండా చెయ్యకండి.

గోడ దగ్గర మీ పక్కన మీ అత్తగారిని కూడా నిలబెట్టండి. ఆ తలుపు ఆవిడ కూడా పట్టుకున్నారు కదా. ఉత్తరం మొత్తం మీద ఆవిడకి తర్వాత ఎలా ఉందో ఒక్క మాట లేదు. తాయెత్తు కట్టించింది ఆవిడే అయి ఉంటారని నా అనుమానం. ఉండనివ్వండి దాన్ని, విప్పక్కర్లేదు, చికిత్సకి అడ్డం రాదు. గాలి సోకిందన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు. గాలే సోకింది, 150 కిలోమీటర్ల వేగంతో.

ఎక్కడికి వెళ్లాలి అంటే, ముందు ఫోన్ చెయ్యండి. 14416, టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. అది మొదలైంది 2022 అక్టోబరు 10న. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం అదే తేదీ, మీరు తలుపు పట్టుకున్న రాత్రి మొదలైందీ అదే తేదీ. ఎప్పుడైనా బతికి ఏం లాభం అనే ఆలోచన వస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆ నంబరుకే చెయ్యండి. తర్వాత శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. అక్కడ కుదరకపోతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మన వైపు దాన్ని పిచ్చాసుపత్రి అంటారు, ఆ పేరు విని ఆగిపోకండి. పలాసలో పొద్దున్న రైలెక్కితే ఓపీకి అందుకోవచ్చు. మీరు ఏం చెప్పారో బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే రాసి ఉంది, కాబట్టి ఊళ్లో తెలుస్తుందని దిగులు వద్దు. నిద్రమాత్రలు ఏవైనా వాడుతుంటే సొంతంగా టక్కున ఆపేయకండి, ఆ డాక్టరుకి చూపించండి.

ప్రైవేటుగా చూపించుకుంటే క్లినికల్ సైకాలజిస్టుని ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే కోప్పడేవాళ్ల దగ్గర మీకు పని లేదు. సొమాటిక్ థెరపిస్టు అని బోర్డు పెట్టుకున్నవాళ్ల సర్టిఫికెట్టు ఆ పద్ధతిలో తర్ఫీదు పొందారనడానికే గుర్తు, మన దేశంలో వైద్యం చెయ్యడానికి లైసెన్సు కాదు. మధ్యలో చాలంటే ఆపుతారా అని ముందే అడగండి. ఒంటి మీద చెయ్యి వెయ్యాల్సి వస్తే ముందు అడిగి, మీరు సరేనంటేనే వెయ్యాలి. అక్కర్లేదంటే ఎందుకని కూడా అడగకూడదు. మీ అత్తగారినో మీ ఆయననో గదిలో కూర్చోబెట్టుకుంటానంటే ఒప్పుకోవాలి. మొదటి రోజు ఈ ముక్క చెప్పండి: ‘నన్ను ఒక్కరోజే అంతా చెప్పమనొద్దు, ఒకసారి అలా చెప్పి మూడు రోజులు మాట పోయింది.’ మామూలుగా 8 నుంచి 16 సార్లు వెళ్లాల్సి వస్తుంది, కొందరికి ఇంకా ఎక్కువ.

ఇక ఆవు. పోయిన ఏడు మళ్లీ ఆవుని కొన్నామనీ, మీరు మాత్రం శాలలోకి అడుగు పెట్టడం లేదనీ, పాలు మీ ఆయనే పిండుతున్నారనీ రాశారు. తలుపు వదిలి మీరు బయటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో నేను లెక్కలు చెప్పను, మీకు మీరు వెయ్యిసార్లు చెప్పుకునే ఉంటారు. మీ చేతులకి ఆ లెక్క అర్థం కాదు. వాటికి విప్పడం కావాలి.

2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరులోనే వచ్చాయి. ఈసారి అక్టోబరుకి ముందే, వాన లేని ఒక సాయంత్రం, మీ ఆయన్ని పక్కన పెట్టుకుని శాల దాకా వెళ్లండి. గుమ్మం దగ్గరే నిలబడి వెనక్కి వచ్చేసినా పర్వాలేదు, మర్నాడు మళ్లీ వెళ్లొచ్చు. లోపలికి వెళ్లిన రోజు గుంజకి కట్టిన ముడి విప్పేసి జారుముడి వెయ్యండి. ఒక్క చేత్తో, చీకట్లో, లాగితే ఊడిపోవాలి. ముడి మీరే వెయ్యండి, ఆయన చేత వేయించకండి. వేసి రెండు మూడుసార్లు లాగి చూడండి.